తలుపు అడిగితే

పలాసలో నేను పనిచేసే జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ బాత్రూముకి తలుపు లేదు. గోనెసంచి వేలాడదీశారు, గాలొస్తే అదీ లేనట్టే. అడిగి అడిగి నా నోరు నొప్పెట్టింది.

ఈ రోజు మా కష్టసుఖాలు కనుక్కోవడానికి యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరమ్మ వచ్చారు. ఆవిడకు చూపు లేదు. వికలాంగుల కోసం, ఆడవాళ్ళ కోసం సర్వీసంతా కొట్లాడిన మనిషి. ఎంత చదివినా మన యాస వదల్లేదు.

నేను తలుపు సంగతి ఎత్తగానే మేనేజరు "చూస్తాం మేడమ్" అన్నాడు.

"సూడొద్దు నాయినా. సూస్తన్నారనే కదా ఈ పిల్లలు తలుపు అడుగుతన్నారు" అన్నారావిడ.

జీడిపిక్కలు కొట్టడం ఆపి అందరం నవ్వాం. సాయంత్రానికి వడ్రంగి వచ్చి తలుపు బిగించాడు. అవసరం లేకపోయినా లోపలికి వెళ్ళి గడియ వేసుకుని కాసేపు నిలబడ్డాను.

మీ పనిచోట గడియ ఉందా? లేకపోతే కామెంట్లో రాయండి. సిగ్గుపడాల్సింది మనం కాదు.