మా అత్తమ్మకు చూపొచ్చిన చైత్రం

మా అత్తమ్మ నా ముఖం మొదటిసారి చూసింది నా పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు.

నేను రాయచూరులో ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే ఆమె రెండు కళ్ళకూ పొర కమ్మేసింది. వెలుతురు ఎటువైపు ఉందో తెలిసేది, అంతే. ఆపరేషన్ అంటే భయం. "ఉన్న జర వెలుతురు గూడ పోతదేమో బిడ్డా" అనేది. బియ్యంలో రాళ్ళు వేళ్ళతోనే ఏరేది. మా ఆయన కృష్ణా నది ఒడ్డున బొగ్గు మండించి కరెంటు తీసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. షిఫ్టు నుంచి రాగానే ఆమె కొడుకు చొక్కా తడిమి, "బొగ్గు వాసనొస్తున్నవ్, తానం చెయ్ పో" అనేది. ఆ ఫ్యాక్టరీ లేచిందే ఆమె చూపు పోయాక. దాని పొగగొట్టాలు ఎంత ఎత్తో మేము ఎన్నిసార్లు చెప్పినా నమ్మేది కాదు.

ఒక చలికాలంలో మాకు పాప పుట్టి, నెల తిరగకముందే పోయింది. ఆ తరువాత నేను దేవుడి గూటి వైపు వెళ్ళలేదు. కోపంతో కాదు. అక్కడ నిలబడి ఏమనాలో తెలియలేదు. ఇంట్లో ఎవరూ పాప మాట ఎత్తేవారు కాదు. నేను బాధపడతానని వాళ్ళు, వాళ్ళు బాధపడతారని నేను.

ఆ ఫాల్గుణం చివర్లో అత్తమ్మ ఉన్నట్టుండి, "నన్ను కండ్ల దవాఖానకు తోలుకపోర్రి" అంది. ఎందుకు మనసు మారిందని అడిగితే చెప్పలేదు.

ముందు ఒక కంటికే ఆపరేషన్ చేశారు. మరునాడు పొద్దున నర్సు కట్టు విప్పి, మూడు వేళ్ళు ఎత్తి, "అజ్జీ, ఎష్టు బెరళు?" అని వేళ్ళెన్నో కన్నడలో అడిగింది. అత్తమ్మ వేళ్ళ వైపు చూడలేదు. నర్సు ముఖం వంకే చూస్తూ, "నీ బొట్టు ఎంత ఎర్రగున్నదమ్మా!" అంది. నర్సుకు తెలుగు వచ్చో రాకో, నవ్వేసింది.

తరువాత నా వైపు తిరిగింది. నాకు ఎందుకో సిగ్గేసింది. చీర సర్దుకున్నాను.

"నువ్వేనా?"

"నేనే అత్తమ్మా."

"గింత సన్నగున్నవేంది! నీ గొంతు విని బొద్దుగుంటవనుకున్న."

పక్క మంచం మీదున్న ముసలాయన కూడా నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు. నా చెంప మీద చెయ్యి పెట్టి, చేతికి తెలిసిన ముఖాన్ని కంటికి అప్పజెబుతున్నట్టు చాలాసేపు అలాగే చూసింది. కొడుకును చూసి మాత్రం కళ్ళు తుడుచుకుంది. "నీ నెత్తి నెరిసిందేందిరా? నల్లగుండె గదా!"

ఇంటికి వచ్చాక నల్లద్దాలు పెట్టుకుని వాకిట్లో కూర్చుంది. ఎదురింటి వేప అప్పుడే ఆకు రాల్చి చిగురేసింది. రాగి రంగు లేత ఆకుల మధ్య పూత. ఆ వీధిలో రోజూ నడుస్తూ నేను ఆ చెట్టును చూశానో లేదో చెప్పలేను. ఆమె చూసింది. ఆకును చూసింది, ఆకు నీడను చూసింది, గోడ మీద పాకే చీమను చూసింది. కొళాయి తిప్పితే నీళ్ళు మెరవడం చూసి, "చూడు, చూడు" అని నన్ను వంటింట్లోంచి పిలిచింది. గుడికి తీసుకెళ్ళమంటారా అని అడిగాను. "పోదాం తియ్. ముందుగల ఇదంత చూడనియ్యి" అంది.

డాక్టరు చెప్పిన జాగ్రత్త రోజులు గడిచాక, కొడుకు పనిచేసే చోటు చూపించమంది. ఒక సెలవు రోజు పొద్దున్నే ముగ్గురం బస్సెక్కి వెళ్ళాం. నది ఒడ్డున దిగేసరికి పొగగొట్టాలు ఎదురుగా నిలబడి ఉన్నాయి. ఆమె తల ఎత్తుతూ ఎత్తుతూ వెనక్కి పడబోతే ఆయన పట్టుకున్నాడు.

"గింత పొడుగా! అబద్ధాలు చెప్తున్నరనుకున్న గదరా."

కింద కృష్ణ ఎండకు సన్నబడి బండల మధ్య పాయలుగా పారుతోంది. తెల్ల కొంగలు. నీళ్ళలో ఆకాశం. ఆయన టీ తేవడానికి వెళ్ళాడు. మేమిద్దరం బండ మీద కూర్చున్నాం.

"ఆ పిల్లను నేను చూడలే" అంది ఆమె. "చేతులతోని తడిమిన, అంతే. ముఖం చూడకుండనే పంపిచ్చిన. అప్పుడే అనుకున్న, కండ్లు పోతె పోనియ్యి గని ఆపరేషన్ చేపిచ్చుకుంటనని. చెప్పు బిడ్డా, ఎట్లుండె?"

అప్పటిదాకా నన్ను ఎవరూ అలా అడగలేదు. చెప్పాను. ఒత్తుగా జుట్టు, ఎడమ చెవి వెనక చిన్న మచ్చ, నిద్రలో పెదవులు కదపడం, ఆవలించేటప్పుడు ముడుచుకునే ముక్కు. చెబుతూ ఉంటే పాప ముఖం నాకే మళ్ళీ స్పష్టంగా కనిపించింది. అన్ని నెలలూ నాకు గుర్తున్నది చివరి రోజు ఒక్కటే. ఆ పిల్ల బతికిన రోజులు కూడా ఉన్నాయని ఆ బండ మీద కూర్చున్నప్పుడే నాకు తెలిసింది.

ఆమె మధ్యలో అడ్డు రాకుండా అంతా విని, చేతులెత్తి దండం పెట్టింది. ఎదురుగా గుడి లేదు. నది ఉంది, కొంగలు ఉన్నాయి, పొగ ఉంది, బండ పగుల్లో ఏదో పిచ్చిమొక్క పచ్చగా ఉంది.

"ఎవరికి అత్తమ్మా?"

"ఎవరికని చెప్పాలె? కనబడ్డదానికల్ల."

నా చేతులు కూడా లేచాయి. ఏమనాలో అప్పుడూ తెలియలేదు. కానీ ఏమీ అనకుండా కూడా నిలబడవచ్చని అర్థమైంది. నేను ఇంత పెద్ద చోట ఇన్నాళ్ళూ ఉండి, ఒక చిన్న గదిలో ఉన్నాననుకున్నాను.

మా ఆయన టీ తెచ్చేసరికి ఇద్దరం ఏడుస్తున్నాం. కంగారుపడి, "అమ్మా, కన్ను నొస్తుందా?" అన్నాడు.

"లేదురా, బేషుగ్గుంది. కూసో" అంది ఆమె. "నీ బిడ్డ ముచ్చట చెప్పుకుంటున్నం. నువ్వు గూడ చెప్పు."

ఆయన మా పక్కన బండ మీద కూర్చున్నాడు. టీలు మా చేతికిచ్చాడు. తరువాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.