సర్వర్‌కు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో అశోక్‌నగర్‌లో గది అంటే నాలుగు గోడలని ఎవరూ అనుకునేవారు కాదు. రెండు గోడలుంటే అదృష్టం, మిగతా రెండూ ప్లైవుడ్. మా హాస్టల్ యజమాని ఒక పాత హాలును చెక్కలతో ఆరు గదులుగా విడగొట్టి, ఒక్కొక్కదాన్ని వేర్వేరుగా కిరాయికిచ్చాడు. చెక్కలు పైకప్పు దాకా ఉండవు కాబట్టి ఒక గదిలో చదివే రాజ్యాంగం ఆరు గదులకూ వినిపించేది. (ఏ పరీక్షా రాయని నాకు కూడా ప్రాథమిక హక్కులు ఇప్పటికీ కంఠతా వచ్చు.) నా ఉద్యోగం ఏమిటని ఊరి నుంచి వచ్చినవాళ్ళెవరైనా అడిగితే నేను ఆ చెక్కలనే చూపించేవాణ్ణి. నారాయణగూడలో ఒక కోచింగ్ సెంటర్‌లో పెద్ద సర్వర్ ఒకటి ఉండేది. పైకి ఒకటే యంత్రం. లోపల మాత్రం ఇలాగే కంటికి కనపడని చెక్కలు కొట్టి దాన్ని ఆరు కంప్యూటర్లుగా చేశారు. పరీక్షలు పెట్టేది ఒకటి, మార్కులు వేసేది ఒకటి, ఫీజులు చూసేది ఇంకొకటి. ప్రతి ఒక్కటీ ఇల్లంతా తనదే అనుకుని బతుకుతుంది. వాటి సామాన్లన్నీ పక్కనే స్టోరేజీ అనే చిన్న పెట్టెలో ఉంటాయి. ఆ కిరాయిదారులందరికీ నేను వాచ్‌మన్‌ని.

నాకంటే ముందు ఆ పని చేసినాయన అంతా అమర్చిపెట్టి బెంగళూరు వెళ్ళిపోయాడు. నేను చేరి ఆరు నెలలైంది. ఆ ఆరు నెలల్లో యంత్రం ఒక్కసారి కూడా ఆగలేదు కాబట్టి, నాకు పనంతా వచ్చేసిందని నాకు గట్టి నమ్మకం. మా సార్ (సెంటర్ యజమాని, గొంతు విప్పితే హాలు చివరి బెంచీ కూడా నోట్స్ రాసుకునే మనిషి) దసరా మర్నాడే పెద్ద మాక్ టెస్ట్ పెట్టాడు. "పండుగకు ఊరికి పోయేటోడు ఆఫీసర్ ఏమయితడు?" అన్నది ఆయన వాదన. ఆ టెస్ట్ సక్రమంగా నడిస్తే నన్ను పర్మనెంట్ చేస్తానన్నాడు. నడవకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు గానీ, మా బాపు ముందే చెప్పి ఉన్నాడు. ఊళ్ళో బావ ఎరువుల దుకాణంలో నా కోసం కుర్చీ ఒకటి వేసి ఉంచారట. యూరియా బస్తాల మీద నాకు కోపమేమీ లేదు. కానీ అమ్మ వాడంతా తిరిగి నా కొడుకు కంప్యూటర్ల పనిలో ఉన్నాడని చెప్పుకున్నాక, ఇక వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు.

నా పక్క చెక్కలో ఉండే అన్నను అందరం గ్రూప్-టూ అన్న అనేవాళ్ళం. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియకపోయినా, పడితే మాత్రం తనకే పడుతుందన్నట్టు చదివేవాడు. ఆ ఏడు మా సెంటర్ టెస్ట్ కోసం పండుగకు ఊరికి పోలేదు. దసరా నాడు, సాయంత్రం దాకా ఆగకుండా పొద్దున్నే నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకుంటూనే చెవిలో అన్నాడు: "ఊర్ల యాటకూర ఇడిసిపెట్టి ఇక్కడ మెస్సుల పప్పుచారు తింటున్న తమ్మీ. రేపు నీ డబ్బా ఆగిందనుకో, నిన్నే యాట లెక్క కోస్తం." నేను నవ్వాను, ఆయన నవ్వలేదు.

అదే పొద్దున చిక్కడపల్లి మీదుగా నడుచుకుంటూ నారాయణగూడ చేరేసరికి, సర్వర్ గది గుమ్మానికి మామిడాకులు కట్టి ఉన్నాయి. లోపల సార్, పక్కనే ఆయన భార్య, మా మేడమ్. ఆమె చేతిలో పసుపు, కుంకుమ, గంధం గిన్నెలు, బంతిపూల దండ. ఆయుధ పూజ. ఆమె అడిగింది పెద్దదేమీ కాదు, సర్వర్‌ను రేపు పొద్దుటి దాకా ఆపాలి, అంతే.

"మేడమ్, ఇది బందయ్యే మిషన్ కాదు" అన్నాను.

"బందు కాని మిషన్ ఉంటదా బిడ్డా? ఇయ్యాల మా స్కూటర్ కదలదు. కుట్టుమిషన్ కదలదు. వంటింట్ల కత్తిపీట గూడ ముట్ట. ఇది పాపం ఏడాదంత పగలు రాత్రి నడుస్తది. ఒక్కరోజు రెస్ట్ ఇయ్యరా దానికి?"

నేను సార్ వైపు చూశాను. వందల మందిని నోరెత్తనివ్వని మా సార్ గోడ మీది క్యాలెండర్ చదువుతున్నాడు. కాసేపటికి గొంతు సవరించుకుని, "బందు చేసినంక మల్ల చాలు చేసుడు ఎంతసేపయితదయ్యా?" అని అడిగాడు. "అయిదు నిమిషాలు సార్" అన్నాను. అంత ధీమాగా ఆ తర్వాత నేను జీవితంలో ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. కిరాయిదారులను ఒక్కొక్కరినే నిద్రపుచ్చి, సర్వర్‌నూ స్టోరేజీనీ ఆపేశాను. గదిలో అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. మేడమ్ తృప్తిగా బొట్లు పెట్టడం మొదలుపెట్టారు.

మర్నాడు ఏడింటికల్లా నేను హాజరు. మేడమ్ హారతి ఇచ్చారు, నేను మీట నొక్కాను. ఫ్యాన్లు గుయ్యిమన్నాయి, ఆకుపచ్చ దీపాలు వెలిగాయి, వాటి మధ్య ఒకటి మాత్రం పసుపుపచ్చగా వెలిగింది. ఇంతకాలం ఆగకుండా తిరిగిన డిస్కుల్లో ఒకటి, పడుకోవడంలోని సుఖం తెలిశాక, ఇక లేవనంది. పరవాలేదు, ఒకటి పోయినా మిగతావి మోస్తాయి. తర్వాత చూస్తే నెట్‌వర్క్ వైరు దగ్గర దీపమే లేదు. వైరు లాగి చూస్తే, అది గుచ్చే రంధ్రం నిండా ఎండిన గంధం! (దీపం మినుకుమనే చోట ప్రాణం ఉంటుందని మేడమ్ అక్కడ కాస్త ఎక్కువే పెట్టారట.) పిన్నీసు కావాలంటే ఆమే తన గాజులకున్నది తీసిచ్చి, "దేనికి బిడ్డా?" అని అడిగారు. "చెవులు శుభ్రం జెయ్యాలె మేడమ్" అన్నాను. గంధం రాలింది, దీపం వెలిగింది. నేను చొక్కా చేతులు మడిచి, విజయం సాధించినవాడిలా కిరాయిదారులను లేపబోయాను. ఒక్కరు లేస్తే ఒట్టు.

చాలాసేపు తల బాదుకున్నాక సంగతి అర్థమైంది. సర్వర్ తన సామాన్ల పెట్టెను పేరు పెట్టి పిలుస్తుంది. ఏ పేరు ఏ నంబరులో ఉంటుందో చెప్పడానికి ఆరుగురు కిరాయిదారుల్లో ఒకడున్నాడు. వాడేమో ఆ పెట్టెలోనే పడుకుని ఉన్నాడు. పెట్టె తెరుచుకోవాలంటే వాడు లేవాలి, వాడు లేవాలంటే పెట్టె తెరుచుకోవాలి. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకోవడమంటే ఇదే. పెట్టె నంబరు తెలిస్తే పేరుతో పని లేకుండా నేనే సర్వర్‌కు చెప్పవచ్చు. కానీ ఆ నంబరు నాకు తెలియదు. బెంగళూరు ఆయన ఫోను పండుగ సెలవులో ఉంది. తోచిన నంబర్లన్నీ వేసి చూశాను, ఒక్కటీ పలకలేదు.

ఈలోగా మెట్ల మీద జనం నిండారు. గ్రూప్-టూ అన్న అద్దం తలుపు లోంచి నాకు కనపడేలా మెడ మీద అరచేతిని కత్తిలా ఆడించాడు. సార్ వచ్చి, "ఏమయ్యా, అయితదా?" అన్నాడు.

"అయితది సార్."

"ఎప్పుడయితది?"

నేను ఇంకో నంబరు కొట్టాను, అదీ పలకలేదు. సిగ్గెందుకు, ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది. ముక్కులో యూరియా వాసన కూడా వచ్చింది.

మేడమ్ ముఖం చిన్నబోయింది. "నేనేమన్న తప్పు జేసిన్నా బిడ్డా? అన్నిటికి మంచిగనే పెట్టిన. ఈ చిన్నదానికి నొసలు యాడున్నదో తెల్వక, అగో, ఆ నల్లటి అద్దం ఉన్నది సూడు, దాని మీద పెట్టిన" అంటూ స్టోరేజీ పెట్టెను చూపించారు.

అద్దం! ఆ పెట్టె ముందుభాగంలో రెండు వేళ్ళంత కిటికీ ఒకటి ఉండేది. అందులో ఆరు నెలలుగా ఎర్రటి అంకెలు ఏవో వరసగా జరుగుతూ పోయేవి. నేను వాటిని అలంకారం అనుకున్నాను. ఇప్పుడు ఆ కిటికీ నిండా రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు ఉంది. నేను చెయ్యి చాచానో లేదో, మేడమ్ నా మణికట్టు పట్టుకున్నారు.

"బొట్టు తుడుస్తవా? పండుగ తెల్లారి? అది శుభమేనా?"

"కుంకుమనే గదనే..." అని సార్ ఏదో అనబోయాడు.

"మీరు జర ఊకోండి."

బయట వందల మంది, లోపల ముగ్గురం, మధ్యలో ఒక బొట్టు. మేడమ్ రెండు క్షణాలు ఆలోచించారు. కుంకుమ భరిణె తీసి, అద్దం పక్కన స్టీలు రేకు మీద ముందు కొత్త బొట్టు పెట్టారు. ఆ తర్వాతే కొంగు చివరతో పాతది తుడిచారు. పెట్టె ఒక్క క్షణం కూడా బోసి నొసటితో ఉండలేదు. కుంకుమ వెనక నుంచి ఎర్రటి అంకెలు నింపాదిగా నడిచి వచ్చాయి. పెట్టె నంబరు అదే! నేను దాన్ని సర్వర్‌కు చెప్పాను. ఒక్కొక్కరే లేచారు. టెస్ట్ కొంచెం ఆలస్యంగా మొదలై, పూర్తిగా నడిచింది.

నేను పర్మనెంట్ అయ్యాను. అదంతా రెండో బొట్టు మహిమ అని మేడమ్ చివరి దాకా నమ్మారు, నేనూ కాదనలేదు. బయటికి వచ్చిన గ్రూప్-టూ అన్న మాత్రం, "ఏం పేపర్ తమ్మీ అది! ఆగిపోతేనే మంచిగుండు" అన్నాడు. మరుసటి దసరాకు నాకు కాస్త బుద్ధి వచ్చింది. పూజకు ముందే మానిటర్ ఒక్కటే ఆపి, "పడుకోబెట్టిన మేడమ్" అన్నాను. ఆమె నల్లటి తెరను చూసి తృప్తిపడి, మళ్ళీ చెవి ఒగ్గి విన్నారు. "రెస్ట్ తీసుకుంటున్నదంటివి, మరి ఈ సప్పుడేంది బిడ్డా?"

"గురక మేడమ్."

ఆమె నన్ను కాసేపు చూసి, నవ్వు ఆపుకుంటూ బొట్టు పెట్టారు. ఈసారి అద్దానికి దూరంగానే పెట్టారు.

ఇప్పుడు నేను చూసుకునే సర్వర్లు ఎక్కడో ఉంటాయి, వాటి ముఖం నేను ఎన్నడూ చూడలేదు, బొట్టు పెడదామన్నా నొసలు దొరకదు. దసరా పూట కూడా ఫోను మోగుతుంది. మొన్నటి పండుగకు నా భార్య ఫోను లాక్కుని, నా నొసట ఇంత బొట్టు పెట్టి, "ఒక్కరోజన్నా బందు కారాదు?" అంది. బుద్ధిగా వెళ్ళి కళ్ళు మూసుకుని పడుకున్నాను. గుమ్మంలో నిలబడి తను చూస్తోందని తెలుస్తూనే ఉంది. నా తల లోపల మాత్రం, ఏ డిస్కు పోయిందో, ఏ వైరు ఊడిందోనని ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. అందుకని, కొంచెం గట్టిగానే గురక పెట్టాను.