బుచ్చమ్మ ఇంటికి రానన్న రోజు

మణికొండ గుట్టల్లో బండలు పగలగొట్టి బతికే బాలనర్సయ్యకు 1969 ఎండాకాలంలో ఎడమ కన్ను పోయింది. ఎవరైనా అడిగితే, "రాయి ఎగిరి తాకింది" అనేవాడు. అది అబద్ధం కాదు. ఆ రాయి ఎందుకు తాకిందో మాత్రం చెప్పేవాడు కాదు.

అతని భార్య బుచ్చమ్మ ఇద్దరు పిల్లల్ని కని ఇద్దరినీ మట్టికిచ్చిన మనిషి. రెండోవాడు పురిట్లోనే పోయిన తర్వాత నెల తిరక్కుండా ఆమెకు మాటలు వినిపించడం మొదలైంది. మొదట్లో పొయ్యి ముందు కూర్చుని తల వంచి వినేది. అన్నం మాడిపోయినా లేచేది కాదు. తర్వాత గుట్ట మీదికి వచ్చి మొగుడి చేతిలో సుత్తె పట్టుకుని, "కొట్టకు. లోపట మనుషులున్నరు" అనేది. తోటివాళ్లు నవ్వారు. బాలనర్సయ్య కూడా ఒకసారి నవ్వాడు. ఆ తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆ నవ్వు అతనికి చేదుగానే ఉండేది.

ఒకనాడు బండకు తూట్లు తొలిచి, మందు కూరి, వత్తి అంటించి అందరూ దూరంగా పరుగెత్తారు. బుచ్చమ్మ ఎటునుంచి వచ్చిందో వచ్చి ఆ బండను రెండు చేతులా వాటేసుకుని పడుకుంది. బాలనర్సయ్య వెనక్కి పరుగెత్తాడు. ఆమెను లాక్కొచ్చి పక్క గుంతలో పడేసి మీద తాను పడ్డాడు. బండ పేలింది. ఒక పెచ్చు వచ్చి అతని కంట్లో దిగింది. బుచ్చమ్మ ఒంటి మీద గీత కూడా పడలేదు.

మరునాడు మేస్త్రి రాజయ్య ఇంటికి వచ్చాడు. "కన్ను మానినంక పనికి రా. ఆమెను మాత్రం గుట్ట తొక్కనియ్యకు. అందరి పానాలు పోతయ్" అని చెప్పి, గుమ్మం బయటినుంచే వెళ్లిపోయాడు.

బాలనర్సయ్య అక్క భాగ్యమ్మకు తమ్ముడంటే ప్రాణం. "గాలి సోకింది తమ్మీ. నేను తోల్కపోత, నువ్వు పండుకో" అని బుచ్చమ్మను ఒక భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయింది. అతను ఆమెను గుంజకు కట్టి వేపమండలతో కొట్టాడు, మిరపకాయల పొగ పెట్టాడు. తొమ్మిదోనాడు బాలనర్సయ్య కంటి కట్టుతోనే చూడబోయాడు. బుచ్చమ్మ అరికాళ్లకు వాతలు పెట్టి ఉన్నాయి. అతను తాడు విప్పాడు.

"ఇంకో మూడు దినాలైతే దిగుతదట" అంది భాగ్యమ్మ.

"దిగేదాంక మనిషి ఉండొద్దా అక్కా?" అన్నాడు.

అది ప్రత్యేక రాష్ట్రం కావాలని ఊళ్లన్నీ మండుతున్న ఏడు. బస్సులు నడవడం లేదు. నడవలేని భార్యను వీపున మోసుకుని, షేక్‌పేట మీదుగా, దింపిన చోటల్లా నీళ్లు తాగించుకుంటూ పట్నంలో పిచ్చి దవాఖాన చేరేసరికి పొద్దు వాలింది.

అక్కడ భ్రమరాంబ అనే నర్సు ఉండేది. బందరు వైపునుంచి వచ్చిన మనిషి. కాళ్లకు మందు రాస్తూ, "భయపడకండి. జ్వరం ఒంటికొచ్చినట్టే ఇది తలకొచ్చిందండి. మాత్రలిస్తారు, కరెంటు పెడతారు. చూడ్డానికి బాగుండదు, మీరు బయటే ఉండండి" అంది. బాలనర్సయ్య వరండాలో ఉండిపోయాడు. లోపల నలుగురు ఆమెను అదిమి పట్టుకున్నారని, పళ్ల మధ్య గుడ్డ పెట్టారని తర్వాత తెలిసింది. బయటికి తెచ్చినప్పుడు బుచ్చమ్మ అతన్ని చూసి, "నువ్వెవలు?" అంది. అలా చాలా రోజులు గడిచాయి. రెండో నెలలో ఒక పొద్దున అతని ముఖం తడిమి, "అయ్యో, కంటికేమైంది?" అని అడిగింది.

"రాయి తాకింది" అన్నాడు. భార్య తనకు తిరిగి దక్కిందని అతను ఏడ్చాడు.

బతుకమ్మ పండుగకు ముందే ఇంటికి తెచ్చుకున్నాడు. మాత్రలవల్ల ఆమె చేతులు వణికేవి, నోరెండిపోయేది. కాని వండేది, ఊడ్చేది, అతనికి సద్ది కట్టేది. పండుగనాడు తంగేడు పూలు తెచ్చి, వణికే వేళ్లతోనే పొద్దంతా బతుకమ్మను పేర్చింది. సాయంత్రం తీసుకుపోయి ఆడవాళ్ల నడుమ పెట్టి చప్పట్లు కలపబోయింది. పాట ఆగింది. ఆడవాళ్లు తమ బతుకమ్మల్ని ఎత్తుకుని పది అడుగుల అవతల పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టారు. వాళ్లు మంచి జాగా చూసుకున్నారేమో అనుకుని బుచ్చమ్మ కూడా తనది ఎత్తుకుని వెళ్లింది. అప్పుడు ఒకామె అంది: "మొగని కన్ను తీసినవు. మా పిల్లలున్నరు, జర దూరముండు."

బుచ్చమ్మ ఇంటికి వచ్చి మొగుణ్ని అడిగింది. "నీ కన్ను నేను తీసిన్నా?"

"ఎవలన్నరు?"

"తీసిన్నా, లేదా?"

అతను తువ్వాలు ఎడమ కంటి మీదికి లాక్కున్నాడు. అదే ఆమెకు జవాబైంది. ఆమె ఏడవలేదు. ఆ రాత్రి నుంచి అతని ముఖం వంక నేరుగా చూడడం మానేసింది.

అయిదేళ్లు అలాగే గడిచాయి. బావి దగ్గర ఆమె చేద వేస్తే మిగతావాళ్లు ఆగేవాళ్లు. చుట్టాల పెళ్లిళ్లకు పిలుపు బాలనర్సయ్య ఒక్కడికే వచ్చేది. నెలనెలా దవాఖానకు పోయి మాత్రలు తెచ్చేవాడు. 1975లో ఒకనాడు పొయ్యి వెనక బూడిదకుప్ప తీస్తుంటే అతనికి ఆ మాత్రలు దొరికాయి, గుప్పెడు.

"మందు మింగినన్ని దినాలు నేను పిచ్చిదాన్నే గద" అంది బుచ్చమ్మ. "బందు జేస్తే మంచిదాన్నయితననుకున్న."

అప్పటికే ఆమె మళ్లీ తల వంచి వింటోంది. వారం తిరక్కుండా ఇల్లు విడిచిపోయింది. బాలనర్సయ్య ఊరూరా తిరిగాడు. అయిదోనాడు, కొత్తగా కార్ఖానాలు లేస్తున్న జీడిమెట్లలో కంకర కుప్ప పక్కన కనిపించింది. ఒంటి మీద చీర లేదు, ఎవరిదో గోనెసంచి కప్పుకుని ఉంది. నుదుటి మీద రాళ్ల దెబ్బలు. ఆ అయిదు రోజుల్లో ఏం జరిగిందో ఆమె చెప్పలేదు. అతను అడగలేకపోయాడు.

మళ్లీ అదే దవాఖాన, అదే కరెంటు. ఈసారి ఏడు నెలలు పట్టింది. తీసుకుపోవచ్చని డాక్టరు చెప్పిన రోజున బాలనర్సయ్య కొత్త చీర పట్టుకుని వెళ్లాడు. బుచ్చమ్మ చీర తీసుకుంది, మడత విప్పలేదు.

"నేను రాను" అంది.

"ఎందుకే? నేనేమన్నంటినా?"

"నువ్వేమనలే. ఈడ అందరు నా అసొంటోళ్లె. నన్నెవలు సూడరు."

"ఊరు ఇడిసిపెడదాం. ఏడనన్న కిరాయికుందాం."

"యాడికి పోయినా నీ మొకం నాతోనే వస్తది గద" అంది ఆమె. కోపంగా కాదు, అలసటతో.

బాగైన మనిషిని ఉంచుకోకూడదని అక్కడివాళ్లు అన్నారు. భ్రమరాంబ ఎవరెవరినో బతిమాలి వంటశాలలో బియ్యం ఏరే పని ఇప్పించింది. "ఇంటికెళ్తే చచ్చిపోతుందండి, ఉండనివ్వండి" అని బాలనర్సయ్యకు నచ్చచెప్పింది. అతను ఒంటరిగా వెనక్కి నడిచాడు. షేక్‌పేట దాటాక ఒంట్లో ఏదో తేలికైనట్టు, ఆకలి వేస్తున్నట్టు తెలిసింది. ఇక బావి దగ్గరి మాటలు లేవు, ఏ అలికిడికీ ఉలిక్కిపడనక్కర్లేదు. ఆ తేలిక తనదేనని తెలిసి దారి పక్కన కూర్చుండిపోయాడు. బతికినన్నాళ్లూ దానికి తనను తాను క్షమించుకోలేకపోయాడు.

నెలనెలా చూడబోయేవాడు. తర్వాత రెండు నెలలకోసారి. ఆమె గేటు దాకా వచ్చి, "తిన్నవా?" అని అడిగి, పని ఉందని లోపలికి వెళ్లిపోయేది. మళ్లీ పెళ్లి చేసుకొమ్మని భాగ్యమ్మ పోరింది. అతను వినలేదు, కాదనీ అనలేదు. భ్రమరాంబ బదిలీ మీద వెళ్లిపోయింది. ఆ తర్వాత లోపలి సంగతులు చెప్పేవాళ్లు లేరు.

1978 వానాకాలంలో ఒక కార్డు వచ్చింది. బుచ్చమ్మ వాంతులు విరేచనాలతో పోయిందని, మూడు రోజులు చూసి ఎవరూ రానందున దహనం చేయించామని అందులో ఉంది. కార్డు వచ్చేసరికి ఆమె పోయి తొమ్మిది రోజులైంది. బాలనర్సయ్య దవాఖానకు పోయాడు. అక్కడి గుమాస్తా పుస్తకం తిరగేసి తేదీ చూపించాడు. చూపించడానికి ఇంకేమీ లేదు.

ఇంటికి మైల ఉండకూడదని భాగ్యమ్మ పట్టుబట్టి దినం చేయించింది. మేక తెగింది, కల్లు వచ్చింది. ఊరంతా వచ్చి వరసలో కూర్చుంది. బావి దగ్గర ఆగేవాళ్లు, బతుకమ్మను ఎత్తుకున్నవాళ్లు కూడా వచ్చారు. కడుపునిండా తిన్నారు.

"పాపం, మంచి మనిషి ఉండె" అంది ఒకామె చెయ్యి కడుక్కుంటూ.

బాలనర్సయ్య ఆమె చేతుల మీద చెంబుతో నీళ్లు పోశాడు.