మా బిడ్డ నెంబర్ల మీద ఉన్నోళ్లకు

బుజ్జవ్వా, నీ ఫోన్లు మల్ల మోగుడు మొదలుపెట్టినయి. సీజన్ వస్తుంది గద.

తెల్వనోళ్ల కోసం చెప్తున్న. మందమర్రిల కాలనీ మార్కెట్ కాడ, జిరాక్స్ దుకాణం పక్క గదిల కూసోని బొగ్గు బాయిల పనిచేసేటోళ్లకు ఇన్‌కం టాక్స్ రిటర్నులు వేసిన మా బిడ్డ పోయిన వానకాలం ఆఖర్ల చనిపోయింది. కడుపుల రాళ్లుండె. అవి అడ్డంపడి లోపల చీము పట్టిందన్నరు. కరీంనగర్ దవాఖానల మూడు దినాలున్నది. ముప్పై నాలుగేండ్లు. నేను ఆమె అవ్వను, కన్నతల్లిని. ఐదో తరగతి దాక చదివిన. కాలనీ సంఘపోళ్లు ఏటా వేసే పుస్తకంల ఆమె గురించి వేస్తం, ఎవ్వలతోనన్న రాయించమన్నరు. వేరేటోళ్లు రాస్తే ఆమె నాకు దొరకదనిపించి నేనే కూసున్న. తప్పులుంటే సదురుకోని చదువుండ్రి.

బజార్ల అందరు టాక్స్ మేడం అనేటోళ్లు. నాకు బుజ్జవ్వనే. పుట్టినప్పుడు పిడికెడంత ఉండె.

వాళ్ల బాపు, మా ఇంటాయన, బాయిల దిగి పనిచేసిండు. డిగ్రీ అయినంక ఆమె కంప్యూటర్ నేర్చుకొని మొదటి రిటర్ను బాపుదే వేసింది. ఆయన పోయి షిఫ్టుల చెప్పిండు, మా బిడ్డ మంచిగ వేస్తదని. ఇద్దరొచ్చిండ్రు, తర్వాత ఇరవై మందొచ్చిండ్రు. బాపు రిటైరయిన రెండేండ్లకు పోయిండు గాని, ఆయన తోలిచ్చిన మనుషులు వచ్చుడు ఆగలే.

అప్పట్ల మనోళ్లల్ల శానమందికి ఫోన్లు లేవు. ఉన్నోళ్లు గూడ ఏ సిమ్ అగ్గువకు దొరికితే అది వేసుకునుడు, రెండు నెలలకు పారేసుడు. రిటర్ను వెయ్యాలంటే ఒక నెంబరు ఇయ్యాలె. ఆ నెంబరుకు ఓటీపీ వస్తది, అది కొడితేనే పని ముందటికి పోతది. "నా నెంబరు ఎప్పుడుంటదో ఎప్పుడు పోతదో, నీదే పెట్టు బిడ్డా" అనేటోళ్లు. పెట్టింది. మంచికని పెట్టింది. ఒక్క నెంబరు మీద పదిమందికంటె ఎక్కువ పెట్టనియ్యరట. నిండినప్పుడల్ల ఇంకో సిమ్ కొన్నది. ఆమె పేరు మీద ఇగ సిమ్‌లు ఇయ్యం అని దుకాణపోళ్లంటే నా పేరు మీద తీసుకున్నది. ఆఖరుకు ఆరు చిన్న ఫోన్లయినయి, ఒక్కోదాంట్ల రెండు సిమ్‌లు. దెబ్బకు వేసే పట్టీ అతికిచ్చి పెన్నుతోని రాసేది, ఒకటో బాయోళ్లు, రైలుగేటు బజారోళ్లు, రిటైరయినోళ్లు అని. అన్నిటిని ఒక స్టీలు డబ్బాల పెట్టింది. చుట్టాలింటికి పోతే మంది బట్టల సంచి పట్టుకపోతరు. మేము ముందుగాల డబ్బా పట్టుకపోయేది. చెన్నూరుల మా తమ్ముని ఇంట్ల సిగ్నల్ సక్కగ రాదని, పండుగకు పోయి ఆమె మిద్దె మీదనే ఉండేది. పిల్లలు కిందికెల్లి పిలుస్తుండేటోళ్లు. ఆమె ఒక్కొక్క ఫోన్ తీసి పైకెత్తి చూస్తుండేది.

ఇంటికాడ ఆమె ల్యాప్‌టాప్ కొడుతుంటే డబ్బా నా ఒళ్లె ఉండేది.

"అవ్వా, ఏది మోగింది?"

"రైలుగేటుది."

"చదువు."

ఏడు, నాలుగు, సున్న అని చదివేది నేను. "జర మెల్లగనే, వేలంపాటల నిలవడ్డవా ఏంది" అనేది. గా అంకెలు చదువుడు నాకు కొలువులెక్క ఉండేది. నా బిడ్డ పనిల నా చెయ్యి గూడ ఉన్నదని ఖుషి అయ్యేది.

సీజన్ అంటే ఏందో ఇంట్ల ఉన్నోళ్లకే ఎరుక. బాయి ఆఫీసుకెల్లి జీతం లెక్కల ఫారాలు వచ్చేదాక చేతులు ముడుచుకొని కూసోవాలె. వచ్చినంక అందరు ఒక్కసారే మీద పడ్తరు. కొత్త పద్ధతి మంచిదా పాత పద్ధతి మంచిదా అని ఒక్కొక్కరికి రెండు లెక్కలు చేసి చూపెట్టాలె. ఏటేటా కాయిదాలు మారుతయి, పోయినేడు నేర్చుకున్నది ఈ ఏడు పనికిరాదు. ఆఖరి దినాలల్ల కంప్యూటర్ల చక్రం తిరుగుతనే ఉంటది. ముందట కూసున్నాయన "ఏందమ్మా, చేతగాదా" అంటడు. ఆ చక్రం ఈమె తిప్పుతున్నట్టు.

అన్నిటికంటె పరేషాన్, పక్కోనికి టాక్స్ వాపసు ఎక్కువొచ్చింది నాకెందుకు తక్కువ అనే ముచ్చట. మా ఎదురు క్వార్టర్ మామ ఉన్నడు, మంచోడే. ఒకేడు వచ్చి కుర్చీల కూసోని అడిగిండు.

"బిడ్డా, కిరాయి కడుతున్నట్టు రాస్తే మస్తు వాపసొస్తదట గద. అవతల బజార్ల ఏజెంటు రాస్తుండు. నీ చెయ్యి మరీ చిన్నదే."

"మామా, నువ్వుండేది కంపెనీ క్వార్టర్ల. కిరాయి ఎవ్వలకు కడుతున్నవ్, మా అవ్వకా?"

పక్కకున్న నలుగురు నవ్విండ్రు. మామకు రోషమొచ్చింది. "రాస్తే నీ ఆస్తి పోతదా?"

"రాస్తే పైసలొస్తయి. తర్వాత నోటీసు కాయిదమొస్తది. అది నీకు రాదు మామా, నా డబ్బాలకు వస్తది."

మామ లేసిపోయి గా ఏజెంటుతోనే వేయించిండు. ఆ ఏడు శానమంది గట్లనే పోయిండ్రు. మా బిడ్డ గది ముందట చెప్పులు తక్కువయినయి. నేను గూడ అన్న, అందరు రాస్తుండ్రట, నువ్వొక్కదానివే ఎందుకు బిగుసుకొని కూసుంటవని. "రాసేది నేను అవ్వా, అడిగినప్పుడు జవాబు చెప్పేది వాళ్లు. వాళ్లకు ఏం చెప్పాలెనో తెల్వది" అన్నది.

తర్వాతి ఏడు మామ మీద నోటీసు వచ్చింది. రిటర్ను వేసింది ఇంకొకడు, నెంబరు మాత్రం పాతదే, మా బిడ్డది. ఒకటో బాయోళ్ల ఫోన్ మోగితే నేనే తీసి ఇచ్చిన. ఆమె పోయి మామను పిలుచుకొచ్చింది. మామ గడప కాడ తలకాయ వంచుకొని నిలవడ్డడు. "కూసో మామా, కిరాయి రసీదు తెచ్చినవా?" అన్నది. గంతే. ఇద్దరు నవ్విండ్రు. మూడు దినాలు కూసోని అంత సదిరి పంపింది. గా ఏజెంటు కాడ వేయించినోళ్లు గట్లనే ఇంకింతమంది వాపసొచ్చిండ్రు, అవి గూడ ఆమె నెత్తి మీదనే పడ్డయి.

గప్పుడు అర్థమయిందట ఆమెకు, తన డబ్బాల తనే చిక్కుకున్నదని. ఎవ్వల నెంబరు వాళ్లకు మార్చియ్యాలెనని ఒక నోటుబుక్కు పెట్టింది. నూట పది పేర్లు. మార్చినోళ్ల పేరు మీద గీత కొట్టేది. "అన్ని గీతలు పడ్డనాడు ఈ డబ్బాల నువ్వు పోపుగింజలు పోసుకో" అనేది.

మొదటి నొప్పి పోయినేడు ఎండకాలంల వచ్చింది. స్కానింగ్ తీపిస్తే రాళ్లన్నరు. కరీంనగర్ల ఆపరేషన్, రెండు దినాలుంటే చాలు, ఆలస్యం చెయ్యద్దని డాక్టరు చెప్పిండు. ఆమె "సీజన్ అయినంక" అన్నది. అన్నిటికి గదే మాట. కండ్లద్దాలు మార్చుడు సీజన్ అయినంక. పెండ్లి సంబంధమొస్తే సీజన్ అయినంక. "పిలగాడు ఆగుతడా మరి?" అని నేనడిగితే "ఆగకపోతే పోనియ్. ఆగేటోడైతే నాకూ పనికొస్తడు" అన్నది.

ఆఖరి తారీఖు అయిన మర్నాడే పోదామని నేను సంచి సదిరి పెట్టిన. రెండు చీరలు, గిలాస, చెద్దరు. గంతల గడువు పెంచిండ్రని టీవీల వచ్చింది. బజార్ల అందరు సంబురపడ్డరు. మా బిడ్డ కుర్చీల వెనకకు ఒరిగి కండ్లు మూసుకున్నది. పెంచినోళ్లు మనుషుల మంచికే పెంచిండ్రు, వాళ్లను ఏమనను. కాని రేపొస్తం అన్నోళ్లంత వచ్చే నెలకు జరిగిండ్రు. పని తగ్గలే, పొడుగైంది.

నేనేమన్ననో అది గూడ రాయాలె. "మంచిదాయె గద, ఆగమాగం లేకుంట నిమ్మళంగ చేసుకో" అన్న. నా నోట్లకెల్లే వచ్చింది గా మాట. ఆ దినం డబ్బా గుంజుకొని ఆమెను బస్సెక్కియ్యాల్సి ఉండె. నేను సంచిలకెల్లి చీరలు తీసి మల్ల బీరువాల పెట్టిన.

గడువుకు ఇంక వారం ఉన్నదనంగ ఒక పొద్దుగాల గదిల ఆమెకు వణుకు మొదలైంది. నలుగురు వచ్చి కూసున్నరు. జిరాక్స్ దుకాణం చాచా చూసి "బేటీ, ఉఠ్. బస్ కర్, పని చాలు, దవాఖానకు నడువు" అన్నడు. "ఒక్క నిమిషం చాచా, ఓటీపీ వచ్చి ఉన్నది, టైం దాటితే పోతది" అన్నది. కొట్టింది. రిటర్ను ముందటికి పోయింది. కాయిదం తీసి ముందటున్నాయన చేతుల పెట్టి, గప్పుడు లేసింది. మామ కారు మాట్లాడుకొచ్చిండు. కార్ల నా ఒళ్లె తలకాయ పెట్టి "అవ్వా, డబ్బా?" అన్నది.

"తెచ్చిన" అన్న.

దవాఖానల లోపలికి ఫోన్లు రానియ్యలే. నేను బయట బల్ల మీద కూసున్న, డబ్బా నా ఒళ్లె. ఆమెను చూడనిచ్చింది పొద్దుకొక్కసారి. డబ్బా మాత్రం దినమంత మోగింది.

చెన్నూరు కాడ గోదారి గంగల అస్తికలు కలుపపోయినప్పుడు గూడ అది నా సంచిలనే ఉండె. గడువు ఇంక అయిపోలే. మా తమ్ముడు అన్నడు, "అక్కా, గీ డబ్బా గూడ గంగల వెయ్యి. మన పిల్లను తిన్నది ఇదే." నిజమే అనిపించింది. తీసి చేతుల పట్టుకున్న. ఒడ్డున సిగ్నల్ ఉన్నట్టుంది, రిటైరయినోళ్ల ఫోన్ మోగింది. ఎత్తితే జమ్మికుంటకెల్లి ఒక పెద్దమనిషి, కొలువు దిగి అక్కడ ఉంటుండట.

"బిడ్డా, గీడ నెట్ సెంటర్ల కూసున్న. నీకు నెంబరొచ్చింది, జర చెప్పు తల్లీ."

ఆయనకు తెల్వది. నా గొంతు ఆమె గొంతనుకున్నడు. మోకాళ్ల దాక నీళ్లల్ల నిలవడి ఆరు అంకెలు చదివిన. మెల్లగనే చదివిన. "సల్లగుండు బిడ్డా" అని పెట్టేసిండు. మా తమ్ముడు డబ్బా తీసుకొని మల్ల నా సంచిల పెట్టిండు.

ఆ దినం చేసింది తప్పే. ఆమె నాకు చెప్పే ఉన్నది, ఓటీపీ అడిగినోని మొఖం చూసి చెప్పాలె, ఫోన్ల అడిగితే పెట్టేసుడే, దొంగలుంటరని. గందుకే ఇప్పుడు ఫోన్ల ఎవ్వలకు చెప్తలేను. నా మీద కోపాలకొస్తుండ్రు. బంద్ చేద్దామంటే చేసేటట్టు లేదు. రీచార్జ్ వెయ్యకపోతే నెంబరు చచ్చిపోయి ఇంకెవ్వలకో పోతదట, మీ ముచ్చట్లన్ని వానికి పోతయి. గందుకని ఇన్ని నెలలుగా వాటిని బతికిస్తున్న. మా తమ్ముడు చెన్నూరు రమ్మంటుండు. వాని ఇంట్ల సిగ్నల్ సక్కగ రాదు, పోలేను.

నోటుబుక్కుల నూట పదిల డెబ్బై రెండు గీతలు ఆమె కొట్టింది. ముప్పై ఎనిమిది మిగిలినయి. చాచా తన కంప్యూటర్ మీద ఆ పని చేస్తనన్నడు, పైసలు తీసుకోనన్నడు. ముందుగాల మామ వచ్చిండు. పాత నెంబరుకొచ్చింది నేను చదివిన, కొత్త నెంబరుకొచ్చింది మామ చదివిండు. అయిపోయినంక కుర్చీలకెల్లి లేవలే. ఆమె కూసునే దిక్కు చూసుకుంట శానసేపు కూసున్నడు. నేను పెన్ను తీసి గీత కొట్టిన, వంకరొచ్చింది. ఆమె గీతలు స్కేలు పెట్టినట్టుంటయి.

ఇప్పటికి నావి పదిహేను గీతలు. ఇంక ఇరవై మూడు మంది ఉన్నరు. ఫారాలు రాకముందే అయిపోవాలె, లేకపోతే ఈ ఏడు గూడ మీ పని నా దగ్గర చిక్కుకుంటది. మీకు అంకెలు చెప్పేదాన్నే గాని నాకు ఇంకేం రాదు. నాలుగు ఫోన్లు ఖాళీ అయినయి, వాటి పట్టీలు ఊడదీసిన, జిగురు మరక పోతలేదు. ఇంక రెండు కిటికిల పెట్టి ఉన్నయి. ఎండ పడి ఒకదాని అద్దం మెరుస్తుంది, మోగినప్పుడల్ల చెక్క మీద జర జర జరుగుతుంది.

నేను దినమంత జిరాక్స్ పక్క ఆమె గదిలనే ఉంట, యాడికి పోను. మీ ఆధార్, మీ ఫోన్ పట్టుకొని మీరే రాండ్రి. షిఫ్టు దిగి అటునించి అటే ఉరికిరాకుండ్రి, తొందర లేదు. ఇంటికి పోయి కాళ్లు చేతులు కడుక్కోని, కూసోని, కడుపునిండ తిని రాండ్రి.