చిరునామా మార్చని కబురు

అమ్మ పోయిన దగ్గర్నుంచి నాన్న ఎవరినీ ఏమీ అడగడం లేదు. పెట్టింది తింటాడు, ఖుర్సీపార్ పేటలో మా ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తూ కూర్చుంటాడు. జబ్బేమీ లేదని డాక్టర్ అంటాడు. కానీ ఆయన అడిగితే తప్ప ఆయనకి మనం ఏదీ చెప్పలేం. అందుకే నాకు భయంగా ఉంది. ఇదెందుకో తెలియాలంటే ముందు నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి, విసుక్కోకండి.

కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నటించే ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. ఎమ్యులేటర్ అంటారు. ఆ లోపలి కంప్యూటర్‌ని అతిథి అంటాం. అతిథికి బయటికి పోయే తీగ లేదు, తలుపూ లేదు. నెట్‌వర్క్‌తో మాట్లాడాలంటే మధ్యలో కొన్ని చిన్న చిన్న సాయపు రొటీన్లు, అంటే ప్రోగ్రామ్ ముక్కలు, ఉండాలి. అవి రాయడం, పాడైతే బాగుచెయ్యడం నా పని. ఇంట్లోనే కూర్చుని చేస్తాను. అతిథి ఒక కబురు పంపితే నా రొటీన్ దాన్ని పట్టుకుని, పైనున్న పంపినవాడి చిరునామా తీసేసి, బయటి కంప్యూటర్ చిరునామా వేసి, అది తన సొంత కబురే అయినట్టు పంపుతుంది. జవాబు వస్తే మళ్ళీ చిరునామా మార్చి లోపలికి అందిస్తుంది. మధ్యలో ఒకరున్నారన్న సంగతే అతిథికి తెలియదు. చిక్కల్లా ఒకటే. లోపలివాడు అడిగినదానికి జవాబు లోపలికి చేరుతుంది. అడగకుండా బయటివాళ్ళు ఎవరైనా పలకరిస్తే, ముందే దారి తెరిచి పెట్టి ఉంచకపోతే, ఆ పలకరింపు గుమ్మం దగ్గరే పడిపోతుంది.

ఇదంతా ఒకసారి అమ్మకి చెప్పాను. ఎవరైనా అడిగితే మావాడిది కంప్యూటర్ పని అని ఊరుకుంటున్నాను, అసలదేమిటో చెప్పమని అడిగింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విని, వరండాలో ఉన్న నాన్న వైపు చూసింది.

"అయితే ఆ లోపలోడు మీ నాన్నేనేటి. నీకు జీతమిస్తన్నారు, నాకు నేదు."

నాన్న ఇక్కడి ఉక్కు ప్లాంటులో, కొలిమికి గాలి కొట్టే బ్లోయర్ల దగ్గర పనిచేశాడు. రిటైరయ్యేలోపే ఆ హోరు ఆయన చెవుల్ని తినేసింది. చెవి మిషన్ కొనిపెడితే, మళ్ళీ డ్యూటీకి పంపినట్టుందని తీసి బీరువాలో పడేశాడు. చదువు సంతకం వరకే, కాబట్టి రాసి చూపించడానికీ లేదు. ఇక మిగిలినవి పెదవులు. అవి కూడా అమ్మ పెదవులే. అమ్మ శ్రీకాకుళం మాటని నోరు నిండా పలికేది, తొందర లేకుండా. నాన్న చూసి చదివేసేవాడు. నేను ఇక్కడే, ఈ హిందీవాళ్ళ ఊళ్ళోనే పుట్టినవాణ్ణి. నా మాట తెలుగులో ఎక్కి హిందీలో దిగుతుంది. ఏ మాట ఏ లైన్లో వస్తుందో తెలియడం లేదని నాన్న కాసేపు నా మొహం చూసి, తర్వాత అమ్మ మొహం కేసి తిరిగేవాడు. ఒక్కోసారి నాకు ఒళ్ళు మండేది. ఒకే ఇంట్లో ఉంటూ కన్నతండ్రికి తర్జుమా కావలసి రావడమేమిటని.

అమ్మ మాట ఒక్కటే అందించేది కాదు, చుట్టరికం మార్చి అందించేది. నాన్నకో అక్క ఉంది. శ్రీకాకుళం దగ్గర పల్లెలో, కొన్నాళ్ళుగా మంచంలోనే. నాకు అత్త, అమ్మకి వదిన, నాన్నకి అప్ప. మా వైపు అక్కని అప్ప అనే పిలుస్తారు. అత్తకి ఒంట్లో బాగోలేదని ఫోనొచ్చిందని నేనంటే, అమ్మ నాన్న వైపు తిరిగి అప్పకి బాగోలేదని చెప్పేది. అప్పకి మందులేమిస్తున్నారని నాన్న అడిగితే, నా దగ్గరికి వచ్చేసరికి అది అత్త అయిపోయేది. నా రొటీన్లు చేసేది కూడా ఇంతే. ఇన్నేళ్ళూ పక్కనే కూర్చుని, అమ్మ ఆ పని చేస్తోందని కూడా నేను గమనించలేదు.

పోయిన వానాకాలం అమ్మకి జ్వరం వచ్చి ఊపిరితిత్తులకి పట్టింది. ఆసుపత్రిలో చేర్చాం. నాన్న రోజూ పొద్దున్నే చోడి జావ, అదే రాగి జావ, కాచి, డబ్బాలో పోసి నా చేతికిచ్చి ఎలా ఉందని అడిగేవాడు. నేను బొటనవేలు పైకెత్తి చూపించేవాణ్ణి. అది అబద్ధమేమీ కాదు. ఐసీయూ నుంచి వార్డులోకి మారుస్తామని వాళ్ళు చెప్పారు కూడా.

ఆ రోజుల్లో నేను చూస్తున్నది, కబురు దారిలో చెడిపోయిందా అని తనిఖీ చేసే రొటీన్. పంపేవాడు కబురులోని అంకెలన్నీ కూడి, ఆ మొత్తాన్ని కబురుతోపాటే పంపుతాడు. అందుకున్నవాడు మళ్ళీ కూడి చూసుకుంటాడు. మొత్తం కలిస్తే కబురు మంచిదే. అయితే ఈ కూడికకి ఒక గుడ్డితనం ఉంది. రెండు ముక్కలు ఒకదాని చోటులోకి ఒకటి మారినా మొత్తం మారదు. అప్పుడు తప్పు కబురు కూడా ఒప్పులాగే లోపలికి నడిచిపోతుంది. అందరికీ తెలిసిన లోపమే, దాన్ని నేను బాగుచెయ్యగలిగేది లేదు. ఆసుపత్రి బెంచీ మీద ఆ పనే చేసుకుంటుంటే నర్సు దీదీ వచ్చి లోపలికి రమ్మంది.

అమ్మని తెచ్చే బండి వచ్చేలోగా నాన్నకి చెప్పాలని ముందు నేను బయల్దేరాను. దారి పొడుగునా ఒక్క వాక్యాన్నే నోట్లో తిప్పుకున్నాను. అందులో హిందీ ముక్క ఉండకూడదు. అమ్మ చెప్పినట్టే ఉండాలి, అమ్మ పలికినట్టే పలకాలి. నాన్న వరండాలోనే ఉన్నాడు. ఎదురుగా గొంతుక్కూర్చుని, రెండు చేతులూ పట్టుకుని, నోరు నిండా తెరిచి చెప్పాను.

"నాన్నా, అమ్మ పోనాది."

నా మాట ఆయనకి ఒక్కసారికే అందడం అదే మొదలు. మొహం నల్లబడిపోయింది. కళ్ళు మూసుకుని తల ఊపాడు. అంత దుఃఖంలోనూ సరిగ్గా చెప్పగలిగానని నాకు పిసరంత గర్వం కలిగింది. తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నాన్న లేచి లోపలికెళ్ళాడు. అటక మీంచి రెక్సిన్ సంచి దించాడు. పంచె మడతపెడుతూ విశాఖ బండి ఎన్నింటికని అడిగాడు. నాకేమీ అర్థం కాలేదు.

"మీ యమ్మకి ఇప్పుడే చెప్పకురా. తట్టుకోనేదు. ఇంటికొచ్చినాక నాను చెప్తాను."

అప్పుడు తెలిసింది. ప, బ, మ మూడూ పెదవులు మూసి తెరిచే అక్షరాలే. చెవులు లేనివాడికి అమ్మా అప్పా ఒకటే. ఆ ఇంట్లో ఆయనకి వచ్చే కబురు ఎప్పుడూ ఆయన చుట్టరికంలోనే వచ్చేది. ఆయన అమ్మ ఎప్పుడో పోయింది. మంచంలో ఉన్నది అప్ప. నేను 'మా అమ్మ' అనాల్సింది. ఆ ఒక్క అక్షరం, చిరునామాలు మార్చి బతికేవాడికి తట్టలేదు.

సరిచేద్దామని నోరు తెరిచాను. నాన్న నా వైపు చూడటం లేదు. అప్పని తల్చుకుని ఏడుస్తూ పంచె మడతే సరిచేస్తున్నాడు. భుజం పట్టుకుని తిప్పితే చాలు. నా చెయ్యి లేవలేదు. ఆయన ఆ చిన్న దుఃఖంలోనే ఇంకాసేపు ఉంటే బాగుండుననిపించింది.

బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. వీధిలోవాళ్ళు చేరారు. అమ్మని వరండాలో చాప మీద పడుకోబెట్టారు. నాన్న చేతిలో పంచెతోనే బయటికొచ్చి చూశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. అమ్మ తల దగ్గర కూలబడి, చాలాసేపు ఆ పెదవుల వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, తన గొంతు తనకి వినపడని మనిషి ఎంత గట్టిగా మాట్లాడతాడో అంత గట్టిగా, ఇంటికొచ్చాక చెప్తానన్న కబురు చెప్పాడు.

"అప్ప పోనేదట. నువ్వే పోనావట."