గేరు మార్చిన చెయ్యి

ఈమధ్య మేడ్చల్‌లో యాదన్న మెకానిక్ షెడ్డులోకి అడుగుపెట్టగానే గేరు ఆయిలు వాసన గుప్పుమంది. నాకు అదే బడి వాసన. అసలు బడి నన్ను ఏడో తరగతిలోనే వదిలించుకుని ఊపిరి పీల్చుకుంది.

మాది అలియాబాద్. బాపు దగ్గర పాత అంబాసిడర్ ఉండేది. ముందు సీటు బెంచీలా ఒకటే, గేరు కర్ర స్టీరింగుకు ఎడమ పక్కన. మా చర్చి పెళ్లికూతుళ్లందరూ ఆ కారులోనే దిగాలి, అది మావాళ్ల పట్టింపు. మామిడి చెట్టు మీంచి పడి బాపు ఎడమ చెయ్యి పైకి లేవకుండా పోయింది. ఆ సంగతి బయటపడితే కిరాయిలు రావని, నన్ను బడి మాన్పించి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన క్లచ్చు తొక్కి మోకాలితో నన్ను తట్టేవాడు, నేను గేరు వేసేవాణ్ని. మండే ఎండల్లో రెక్సిను సీటు తొడలకు అంటుకుపోతుంటే, వెనక నుంచి మల్లెలూ పౌడరూ చెమటా కలిసి వాసన కొడుతుంటే, డిసెంబరులోనైతే ఎవరో చేతిలో పెట్టిన కజ్జికాయ నములుతూ, ఆటలాడుతున్నట్టు నటిస్తూ శామీర్‌పేట దాకా బండి నడిపింది సగం నేనే.

ఒకసారి పెళ్లికూతురి అవ్వ ఊరుకోలేదు.

"గా పోరడు గేరుతోని ఆడుతాండు, ఒక్కటి పీకరాదు?"

"ఇనడు అవ్వా, మస్తు మొండోడు" అంటూనే బాపు మోకాలితో తట్టాడు. నేను మూడో గేరు వేశాను.

బాపు పోయాక గేరుబాక్సు పళ్లు కూడా అరిగిపోయాయి. వాటి కోసం ఆరు నెలలు పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి, చివరికి యాదన్న దగ్గరికి వచ్చాను.

"స్టీరింగు గేరు సామాను యాడ లేదు తమ్మీ," అన్నాడు యాదన్న. "జీపుది అయిదు గేర్ల డబ్బా ఉన్నది, ఫ్లోరు కోసి గేరు కర్ర కిందికెల్లి పెడ్త. లేకుంటే తుక్కుకియ్యి."

కోసేచోట సుద్దముక్కతో గీత గీశాడు. సరిగ్గా చిన్నప్పుడు నేను కాళ్లు పెట్టుకున్న చోటు.

"నడుమ సీటు ఉండదు, ఇద్దరే కూసుంటరు. నీకేంది నష్టం?"

"లెక్కలు రాకముందే బడి బంద్ జేసిన అన్నా, నన్నడగకు."

యాదన్న పడిపడి నవ్వాడు. నవ్వించడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. కొయ్యకపోతే కారు పోతుంది, కోస్తే బాపు పక్కన నేను కూర్చున్న చోటు పోతుంది. కొయ్యమన్నాను.

నాలుగో రోజు బండి బయటికి తీశాను. గేర్లు వెన్నలా పడుతున్నాయి. పెళ్లికూతుళ్లు ఇప్పుడు పూలు చుట్టిన ఏసీ కార్లలో వస్తున్నారు, చర్చి ముందు ఈ బండి కోసం ఎదురుచూసేవాళ్లు లేరు. ఉద్యోగుల్ని మోసే కంపెనీ క్యాబుల వెనకాలే, మందుల ఫ్యాక్టరీలున్న తుర్కపల్లి దాకా పోయాను. అక్కడ నాకు పనేమీ లేదు. బండి తిప్పుకుని వచ్చేశాను.