బందరు దారిలో ఉపవాసం

మా అన్నయ్యకు ఊళ్ళన్నీ తిండితోనే గుర్తు. విజయవాడ నుంచి బందరు వెళ్ళే బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉయ్యూరంటే తనకు మిరపకాయ బజ్జీలు. పామర్రంటే గడ్డపెరుగు. బందరు సంగతి అడిగితే ఇక ఆపడం కష్టం. హల్వా ఏ కొట్లో ఏ వేళకు వెళ్తే వేడిగా దొరుకుతుందో, లడ్డూ ఎవరు బెల్లం తక్కువ వేసి మోసం చేస్తారో, సముద్రం దగ్గర ఏ పాకలో చేప తాజాగా ఉంటుందో వివరంగా చెబుతాడు. మా పిన్ని కొడుకు పెళ్ళికి బందరు వెళ్ళిన చుట్టాలందరూ ముందు అన్నయ్యకు ఫోను చేసి గాని బయల్దేరలేదు.

అలాంటి మనిషికి నాలుక మీద పుండు లేచి మానలేదు. పరీక్ష చేసి కేన్సరన్నారు. నాలుక సగానికి పైగా తీసేయాలని, తరవాత కొన్నాళ్ళు ముక్కులోంచి గొట్టంతోనే ఆహారమని, రుచి మళ్ళీ తెలుస్తుందో లేదో చెప్పలేమని పెద్ద డాక్టరు గారు చెప్పారు. శనివారం ఆసుపత్రిలో చేరాలి. సోమవారం ఆపరేషను.

గురువారం సాయంత్రం అన్నయ్య ఫోను చేశాడు.

"రేపు బందరు పోదాం రావే. మీ వదిన మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కలేదు. నోరున్నప్పుడే అన్నీ ఒకసారి చూసొద్దాం. ఇద్దరం కలిసి తిందాం."

సరేనన్నాను. ఫోను పెట్టేశాక మంచం మీద కూలబడ్డాను. ఎందుకంటే ఆ ఫోను రావడానికి కాసేపటి ముందే నేను మోకాళ్ళ మీద నుంచి లేచాను. అన్నయ్య ఆపరేషను అయ్యేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనని ప్రభువు ఎదుట మొక్కుకుని లేచాను.

ఉపవాసం గురించి మా సంఘంలో నాకు నేర్పింది ఒకటే. అది మనుషులకు చూపించుకునేది కాదు. తలకు నూనె రాసుకుని, మొహం కడుక్కుని, మామూలుగా తిరగాలి. తండ్రికి తప్ప ఎవరికీ తెలియకూడదు. చెప్పుకుంటే ఆ చెప్పుకోవడంతోనే దాని ఫలితం చెల్లిపోతుంది. ఎవరి కోసం ఉపవాసం ఉన్నానో ఆ మనిషికే చెప్పి మెప్పు పొందడం మరీ తప్పని నాకు అనిపించింది. ఇన్నేళ్ళలో ఎన్నో శుక్రవారాలు ఇలాగే గడిపాను. మా ఆయనకు కూడా సగం సార్లు తెలియదు.

పొద్దున్నే తలకు నూనె రాసుకుని, దువ్వుకుని బస్టాండుకు వెళ్ళాను. అన్నయ్య నాకంటే ముందే వచ్చి, ఎదురుగా ఉన్న టిఫిను హోటల్లో కూర్చుని ఉన్నాడు. నెయ్యి ఇడ్లీ చెప్పాడు, కారప్పొడి లేకుండా.

"కారప్పొడి లేకుండా నెయ్యి ఇడ్లీ ఏంటండీ బాబాయ్ గారూ? పథ్యమా?" అన్నాడు సర్వరు.

"నాది కాదయ్యా, నా నాలిక్కి. సోమవారం నుంచి సెలవు పెడుతోంది."

సర్వరు అర్థం కాక నవ్వాడు. అన్నయ్య ఇడ్లీని ఊదుకుని, చిన్న ముక్క తుంచి, నోట్లో ఎడమ పక్కకు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మింగేటప్పుడు మెడ నరాలు బిగిశాయి. ఆ ఒక్క ముక్కే. ప్లేటు నా వైపు తోశాడు.

"తిను."

"వద్దులే అన్నయ్యా. నువ్వు తిను."

"ఇంట్లో తినొచ్చావా?"

తినొచ్చానంటే సరిపోయేది. కడుపులో బాగా లేదన్నా సరిపోయేది. కానీ ఉపవాసంలో ఉండి అబద్ధం ఎలా ఆడను? "ఇప్పుడు వద్దు" అని మాత్రం అన్నాను. ఇడ్లీలు ప్లేట్లోనే చల్లారిపోయాయి.

బస్సు కదిలాక కాసేపు కాలువ పక్కనే వెళ్ళింది. నా బాప్తిస్మం ఆ కాలువలోనే జరిగింది. పెళ్ళయిన కొత్తలో మా ఆయన చావుబతుకుల్లోంచి లేచినప్పుడు నేను ప్రభువును నమ్ముకున్నాను. మా అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. పుట్టింటి వాళ్ళెవరూ రాలేదు. అన్నయ్య ఒక్కడే వచ్చాడు. డ్యూటీకి సెలవు పెట్టి, ఖాకీ చొక్కాతోనే గట్టు మీద నిలబడ్డాడు, చేతిలో పొడి తువ్వాలు పట్టుకుని. నేను నీళ్ళలోంచి బయటికి రాగానే అది నా భుజాల మీద కప్పి, "జలుబు చేస్తుంది, తల తుడుచుకో" అన్నాడు. ఆ రోజు తనన్న మాట అదొక్కటే. తను మాత్రం కొండ మీది అమ్మవారిని వదల్లేదు. ఎప్పుడు దర్శనానికి వెళ్ళినా లడ్డూ తెచ్చేవాడు. నేను తీసుకుని పక్కన పెట్టేదాన్ని. విగ్రహాలకు పెట్టింది తినకూడదన్నది నా నమ్మకం. పక్కన పెట్టడం తను చూసేవాడు. అయినా మళ్ళీ తెచ్చేవాడు.

బందరులో దిగి మొదట హల్వా కొట్టుకు వెళ్ళాం. నల్లగా, నెయ్యి ఓడుతూ ఉన్న ముక్కను కొట్టాయన ఆకు మీద పెట్టి ఇచ్చాడు. అన్నయ్య సగం తుంచుకుని చప్పరించాడు. అది మెత్తగా ఉంటుంది కదా, నొప్పి లేకుండా దిగినట్టుంది. చాలా రోజుల తరవాత తన మొహం తేటపడటం చూశాను. మిగిలిన సగం నా ముందు పెట్టాడు.

నేను చెయ్యి చాపలేదు.

అన్నయ్య తలెత్తి గోడ మీది దేవుడి పటం కేసి చూశాడు. పటం ముందు ఊదొత్తులు వెలుగుతున్నాయి. "ఓహో. పొద్దున్నే ఆయనకు పెట్టి ఉంటాడనా? ఏమండీ, ఈ ముక్క దేవుడికి పెట్టిందాంట్లోదా?"

"లేదండీ, అది వేరే పళ్ళెం. ఇది ఇప్పుడే దించిన మూకుడు" అన్నాడాయన.

"విన్నావుగా? నీ ప్రభువుకేం అభ్యంతరం ఉండదు."

"అది కాదన్నయ్యా."

"మరేది?"

నేను ఆకు వెనక్కి జరిపాను. అన్నయ్య ఆ ముక్కను కాగితంలో చుట్టించుకుని జేబులో పెట్టుకున్నాడు. పక్క బండి దగ్గర సుగంధి సోడా కొట్టించాడు. అదీ వద్దన్నాను. "సోడాకు కూడా మతం ఉందా?" అని గట్టిగా నవ్వాడు. నొప్పికి వెంటనే చెంప పట్టుకున్నాడు.

ఆటో మాట్లాడుకుని పెడన వెళ్ళాం. కలంకారీ అద్దకం చేసే ఒకాయన అన్నయ్య బస్సులో బట్టల మూటలు వేసుకుని తిరిగిన పాత ప్యాసింజరు. "కండక్టరు గారొచ్చారు, కుర్చీ వెయ్యండి" అని లోపలికి కేకేశాడు. బల్లల మీద తెల్లబట్ట పరిచి, చెక్క అచ్చుల్ని రంగులో అద్ది, బట్ట మీద పెట్టి పిడికిలితో గుద్దుతున్నారు. ఒక చెట్టు, కొమ్మల నిండా పక్షులు. కొన్ని చోట్ల నల్లగీతలు కనిపిస్తున్నాయి గానీ పువ్వులున్న చోట ఏదో తడి తప్ప రంగే లేదు.

"ఇదేంటండీ, ఖాళీగా వదిలేశారు?" అనడిగాను.

"ఖాళీ కాదమ్మా. పటిక అద్దాం. ఇప్పుడు కనపడదు. రంగునిచ్చే వేర్లు వేసి పెద్ద డేగిసాలో ఉడకబెడితే ఎర్రగా తేలుతుంది."

అన్నయ్య మోచేత్తో నన్ను పొడిచాడు. "ఏమే, ఆదివారం ప్రసంగానికి పనికొస్తుందా? మీ పాస్టరు గారికి చెప్పు, నా పేరు మీద."

నేను నిజంగానే ఆ మాటే ఆలోచిస్తున్నాను. సిగ్గేసి నవ్వేశాను. ఆ రోజంతా మేమిద్దరం కలిసి నవ్వింది అక్కడే.

పెరట్లో కరక్కాయ రసంలో గేదెపాలు కలిపి నానబెట్టిన బట్టలు ఆరేసి ఉన్నాయి. ఎండకు ఆ పాల వాసన లేచింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. గుంజ పట్టుకున్నాను. ఆ ఇంటావిడ పరుగున మజ్జిగ తెచ్చింది. "మంచినీళ్ళు చాలమ్మా" అన్నాను.

"మా దగ్గర ఏమీ పుచ్చుకోదు లేమ్మా" అన్నాడు అన్నయ్య. "మా అమ్మ పోతూ తన మడి దీనికి ఇచ్చిపోయింది."

ఆవిడ నొచ్చుకుని గ్లాసు వెనక్కి తీసుకెళ్ళింది. అన్నయ్య ఆ చెట్టు బట్ట ఒకటి కొని, చంకలో పెట్టుకుని, నాతో మాట్లాడకుండా ఆటో ఎక్కాడు.

మంగినపూడి సముద్రం దగ్గరికి పోనివ్వమన్నాడు. దారి పొడుగునా నేను లోపల ప్రార్థన చేస్తూనే ఉన్నాను. ప్రభువా, నేను నోరు విప్పితే నీకు చేసింది పాడవుతుంది, విప్పకపోతే నా అన్న మనసు విరుగుతోంది, ఏం చెయ్యమంటావు? జవాబు వస్తుందని ఆశపడ్డాను.

సరుగుడు చెట్ల దగ్గర రేకుల పాక. లోపల రెండే బల్లలు. అన్నయ్య తనే వంటామెతో మాట్లాడి వచ్చాడు. కాసేపటికి ఆమె రెండు ప్లేట్లు తెచ్చి పెట్టింది. రెండింట్లోనూ అన్నం, చందువా పులుసు, పక్కన వేపుడు ముక్క. తన ప్లేట్లో పులుసు పల్చగా, కారం లేకుండా.

అన్నయ్య అన్నం కలపలేదు. నా వైపు చూశాడు.

"చేప ఏ దేవుడికీ పెట్టరే. పొద్దుట్నుంచి ఆలోచించి ఇక్కడికి తీసుకొచ్చాను. ప్లేట్లు కూడా వేరే పెట్టించాను. నా చెయ్యి నీ ప్లేటుకు తగల్లేదు, ఎంగిలి కాలేదు. ఇది అంటుకునే జబ్బు కాదని డాక్టరు గారు చెప్పారు కదా, మీ వదినను కూడా అడుగు."

"అన్నయ్యా, నేను దానికి కాదు..."

"మరి దేనికి? నన్ను చూస్తే అసహ్యంగా ఉందా? ఉంటే చెప్పు. నేనేమీ అనుకోను. నాకే అద్దంలో నోరు తెరిచి చూసుకోవాలంటే ఎలాగో ఉంటోంది."

తన ప్లేటును బల్ల మధ్యకు తోసేశాడు. "పోదాం పద. నాకూ వద్దు."

అది తను రుచి తెలిసి తినబోయే చివరి చేప కావచ్చు. అది తినకుండా లేవబోతున్నాడు. నా ఉపవాసం వల్ల.

నేను కళ్ళు మూసుకున్నాను. భోజనానికి ముందు ఎప్పుడూ చేసే ప్రార్థనే మొదలుపెట్టాను. క్షమించమన్నానో, వందనాలన్నానో నాకిప్పటికీ తెలియదు. కళ్ళు తెరిచేసరికి అన్నయ్య మళ్ళీ కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేను ముగించేదాకా ఆగి ఉన్నాడు. మా ఇంట్లో భోజనానికి వచ్చినప్పుడల్లా అలాగే ఆగేవాడు.

అన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"ఎట్లా ఉంది?" వెంటనే అడిగాడు.

"బాగుంది."

"బాగుంది అంటే ఏం తెలుస్తుందే? సరిగ్గా చెప్పు."

"పులుపు ముందు తగులుతోంది. తరవాత మెంతిపిండి. ముక్క వెన్నలా ఉంది, ముల్లు దానంతటదే ఊడొస్తోంది."

"చింతపండు కొత్తది వాడింది, అందుకే ఆ పులుపు" అని తన ప్లేటు దగ్గరికి లాక్కున్నాడు. కొంచెం కొంచెంగా, ఎడమ పక్కనే నములుతూ తిన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నొప్పికే అనుకుంటాను. తన చేప ముక్క సగం నా ప్లేట్లో వేశాడు. అదీ తిన్నాను. జేబులోంచి హల్వా పొట్లం తీశాడు. అదీ తిన్నాను. నేను ఎందుకు వద్దన్నానో ఆ రోజు చెప్పలేదు. ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆపరేషను జరిగింది. మనిషి దక్కాడు. రుచి దక్కలేదు. మాట మాకు అర్థమవుతుంది, కొత్తవాళ్ళకు అర్థం కాదు. జావ, మెత్తగా రుబ్బిన అన్నం, అంతే.

సాయంత్రాలు పాస్టరమ్మ గారి దగ్గర కూర్చున్నప్పుడు ఒకసారి, ఎవరి సంగతో అన్నట్టుగా అడిగాను. మొక్కు తప్పడం దేవుడికి ఇష్టం లేదని వాక్యంలో చదివాం, ఆకలిగొన్న వాళ్ళతో అన్నం పంచుకోవడమే ఆయన కోరిన ఉపవాసమనీ చదివాం, రెండూ ఒకే రోజు ఎదురైతే ఎలాగండీ అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ప్రార్థన చేద్దామమ్మా" అంది. చేశాం. ఆ మొక్కు చివరిదాకా నిలబెట్టుకుని ఉంటే రుచి మిగిలేదా అన్న ప్రశ్న మాత్రం ఇంటికి వెంటే వచ్చింది. అలాంటి లెక్కలు దేవుడి దగ్గర ఉండవని నాకు తెలుసు. తెలిసినా మోకాళ్ళ మీద ఉన్నప్పుడు అదే ముందు గుర్తొస్తుంది.

మొన్న మెడ దగ్గర మళ్ళీ గడ్డ తగిలింది. స్కానింగు శనివారం రాశారు. శుక్రవారం పొద్దున నేను మోకరించి, ఉపవాసం మాట నోటిదాకా వచ్చాక ఆగాను. సరిగ్గా అప్పుడే వదిన ఫోను.

"అమ్మాయీ, మీ అన్నయ్య చందువా తెప్పించారు. నువ్వొస్తే గాని పొయ్యి వెలిగించొద్దంటున్నారు."

వెళ్ళాను. గోడ మీద పెడన చెట్టు బట్ట తగిలించి ఉంది. దాని కింద కుర్చీలో అన్నయ్య, బల్ల మీద ఒక్కటే ప్లేటు, నాది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. తెరిచేసరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగి ఉన్నాడు.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

"ఉప్పు?" అన్నాడు. ఆ మాట వదినకూ నాకూ మాత్రమే తెలుస్తుంది.

"కొంచెం తక్కువైంది, అన్నయ్యా."

"చెప్పానా?" అన్నట్టు వదిన వైపు చూశాడు. వదిన ఉప్పు డబ్బా తేవడానికి లేచింది. తను కుర్చీ కొంచెం దగ్గరకు జరుపుకుని, తరవాతి ముద్ద కోసం నా నోటి వంక చూస్తున్నాడు.